అద్దె ఇల్లు ఖాళీ చేసిన నగరం

2003 మార్చి. మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బామర్ స్విట్జర్లాండ్‌లో స్కీయింగ్ సెలవులో ఉన్నాడు. ఆ సెలవు మధ్యలో ఆపి జర్మనీలోని మ్యూనిక్ నగరానికి బయల్దేరాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీని నడిపే మనిషి అంత హడావుడిగా వెళ్లింది ఏ దేశాధినేతను కలవడానికో కాదు. ఒక నగర మేయరును కలవడానికి.

ఆ మేయరు పేరు క్రిస్టియన్ ఉడె. ఆయన నగరపాలక సంస్థలో సుమారు 14,000 కంప్యూటర్లు ఉన్నాయి. వాటన్నిటిలోంచి విండోస్‌ను తీసేసి లినక్స్ పెడదామన్న ప్రతిపాదన కౌన్సిల్ ముందు ఉంది. లినక్స్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు. బామర్ వచ్చింది ఆ ప్రతిపాదనను ఆపడానికి.

పద్నాలుగు వేల కంప్యూటర్ల బేరం పోతే మైక్రోసాఫ్ట్ ఖజానాకు పెద్ద లోటేమీ రాదు. కంపెనీ భయం వేరు. పదమూడు లక్షల జనాభా ఉన్న ఒక యూరప్ మహానగరం విండోస్ లేకుండా తన పని తాను చేసుకోగలనని చూపిస్తే, రేపు మరో నగరం అదే దారి పడుతుంది. ఆ భయం కాగితం మీద కూడా ఉంది. 2002 జూలైలో కంపెనీ అమ్మకాల విభాగం అధిపతి ఒర్లాండో అయాలా తన మేనేజర్లకు ఒక ఈమెయిల్ పంపాడు. ఏ పరిస్థితిలోనూ లినక్స్ చేతిలో ఓడిపోకూడదన్నది దాని సారాంశం. ప్రభుత్వాలకు, పెద్ద సంస్థలకు అవసరమైతే భారీగా ధర తగ్గించండి, తప్పదనుకుంటే ఉచితంగానే ఇచ్చేయండి అని అందులో ఉంది. 2003 మే నెలలో ఆ ఈమెయిల్ పత్రికలకెక్కింది. మ్యూనిక్ కౌన్సిల్ ఓటింగ్ జరిగింది అదే నెలలో.

* * *

ఈ కథకు మొదలు ఏ సిద్ధాంతమూ కాదు, ఒక నోటీసు. మ్యూనిక్ కార్యాలయాల్లో అప్పుడు నడుస్తున్నది విండోస్ ఎన్‌టీ 4.0. దానికి ఇక మరమ్మతులు, భద్రతా సవరణలు అందించబోమని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కంప్యూటర్లు బాగానే పనిచేస్తున్నాయి. వాటి మీద పనిచేసే గుమాస్తాలకు ఏ ఫిర్యాదూ లేదు. అయినా కంపెనీ ఆపేస్తానంది కాబట్టి నగరం డబ్బు ఖర్చు పెట్టి మారాలి. ఎప్పుడు మారాలో, ఎంత కట్టాలో తేల్చేది ప్రజలు ఎన్నుకున్న కౌన్సిల్ కాదు, సముద్రానికి అవతల ఉన్న కంపెనీ.

కౌన్సిల్ యూనిలాగ్ అనే సలహా సంస్థతో అధ్యయనం చేయించింది. కొత్త విండోస్, కొత్త ఆఫీస్ కొనడం దగ్గర నుంచి, పూర్తిగా లినక్స్‌కు, ఆఫీస్‌కు బదులు స్వేచ్ఛగా వాడుకోగల ఓపెన్‌ఆఫీస్‌కు వెళ్లిపోవడం దాకా రకరకాల దారులను పక్కపక్కన పెట్టి చూశారు. డబ్బు లెక్కలో మైక్రోసాఫ్ట్ దారే కాస్త చవకగా తేలింది. మరి లినక్స్ ముందుకెలా వచ్చింది? అధ్యయనం డబ్బును మాత్రమే కొలవలేదు. నగరం ఒకే అమ్మకందారు మీద ఎంత ఆధారపడుతుంది, రేపు తన దారి తాను ఎంచుకునే వీలు ఎంత మిగులుతుంది అన్నవాటికి కూడా మార్కులు వేసింది. ఆ మార్కుల్లో లినక్స్ గెలిచింది. ఒక ప్రభుత్వ కార్యాలయం టెక్నాలజీ కొనేటప్పుడు ఇలాంటి గడిని లెక్కల కాగితంలో చేర్చడం నాకు తెలిసి చాలా అరుదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది అదే.

ఉడె గురించి ఒక మాట చెప్పాలి. ఆయన సోషల్ డెమోక్రాటిక్ పార్టీ మనిషి. 1993 నుంచి మేయరు. అంతకుముందు పత్రికా విలేఖరి, ఆ తర్వాత వకీలు. వకీలుగా ఆయన ఎక్కువగా వాదించింది అద్దెకుండే వాళ్ల తరఫున. ఇంటి యజమాని ఎప్పుడు పడితే అప్పుడు అద్దె పెంచితే, ఖాళీ చేయమంటే, కిరాయిదారు దగ్గర ఏం మిగులుతుందో కోర్టు మెట్ల మీద చూసిన మనిషి ఆయన. సాఫ్ట్‌వేర్ లైసెన్సు కూడా అద్దెలాంటిదే. ఎన్నేళ్లు కట్టినా ఇల్లు మనది కాదు, గోడకు మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి. పైగా ఈ ఇంట్లో ఉన్న సామాను ప్రజలది.

* * *

ఇక బేరం. మైక్రోసాఫ్ట్ మొదట చెప్పిన ధర సుమారు 3.66 కోట్ల డాలర్లు. ఎదుట ఐబీఎం, సుసె కంపెనీలు కలిసి లినక్స్ కోసం వేసిన ధర అంతకన్నా ఎక్కువ. అయినా ప్రతిపాదన లినక్స్ వైపే మొగ్గుతోంది. బామర్ వచ్చి వెళ్లాక మైక్రోసాఫ్ట్ ధర దిగింది. మళ్లీ దిగింది. చివరికి 2.37 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. అంటే మూడో వంతుకు పైగా కోత. కొన్ని కంప్యూటర్లకు ఆఫీస్ మొత్తం కొననక్కర్లేదు, వర్డ్ ఒక్కటి చాలన్నారు. మామూలుగా మూడు నాలుగేళ్లకు కొత్త వెర్షన్ కొనాల్సి ఉంటే, ఆరేళ్ల దాకా ఆగవచ్చన్నారు. శిక్షణ, సహాయం ఉచితంగా ఇస్తామన్నారు.

కౌన్సిల్ సభ్యుల మనసులో ఆ రోజుల్లో ఏం మెదిలిందో ఊహించడం కష్టం కాదు. నిన్న తగ్గదన్న ధర ఇవాళ తగ్గిందంటే, నిన్నటిదాకా మనం కట్టింది ఏమిటి? ఎవరో పోటీకి వస్తేనే దిగే ధర, పోటీదారు వెళ్లిపోయాక ఎక్కడికి పోతుంది? తగ్గింపు పెరిగేకొద్దీ అనుమానం కూడా పెరిగింది.

తర్వాతి కాలంలో ఉడె ఒక ముచ్చట చెప్పాడు. బిల్ గేట్స్ స్వయంగా తనను అడిగాడట, ఎందుకిలా చేస్తున్నారని. స్వేచ్ఛ కోసం అన్నాడట ఉడె. ఎవరి నుంచి స్వేచ్ఛ అని గేట్స్ తిరిగి అడిగితే, మీ నుంచే అని చెప్పాడట.

2003 మే 28. నగరం నడిబొడ్డున మరియెన్‌ప్లాట్జ్‌లో శిఖరాలతో, గడియారపు బొమ్మలతో నిలిచిన పాత రాతి భవనం మ్యూనిక్ పురపాలక కార్యాలయం. ఆ గడియారం కింద బొమ్మలు నాట్యమాడటం చూడటానికి యాత్రికులు తలెత్తి నిలబడే చోటు అది. లోపల కౌన్సిల్ ఓటు వేసింది. మెజారిటీ లినక్స్ వైపు. మర్నాడు ప్రపంచమంతా వార్త.

* * *

చేతులెత్తి ఓటు వేయడానికి ఒక్క రోజు పట్టింది. ఆ ఓటును ప్రతి బల్ల మీదికీ చేర్చడానికి పదేళ్లు పట్టింది. పత్రికలు ఆ ఒక్క రోజును రాసి వెళ్లిపోయాయి. నేను ఆ పదేళ్ల దగ్గరే కాసేపు ఆగుతాను.

పథకానికి లిముక్స్ అని పేరు పెట్టారు. 2004 జూన్‌లో కౌన్సిల్ అమలు ప్రణాళికను ఆమోదించింది. టెండరు పిలిచే సమయానికి ఊహించని చోట నుంచి అడ్డం వచ్చింది. పథకాన్ని వ్యతిరేకించేవాళ్ల నుంచి కాదు, సమర్థించే గ్రీన్ పార్టీ కౌన్సిలర్ యెన్స్ మ్యూల్‌హౌస్ నుంచి. యూరప్‌లో అప్పుడు సాఫ్ట్‌వేర్ మీద పేటెంట్లను చట్టబద్ధం చేయాలన్న ముసాయిదా నలుగుతోంది. అది చట్టమైతే మన లిముక్స్ కూడా ఎన్నో పేటెంట్ల కింద చిక్కుకుంటుంది, ముందే తేల్చుకోండి అని ఆయన నిలదీశాడు. నగరం టెండరును ఆపింది. న్యాయసలహా తీసుకుంది. ప్రమాదం అంత పెద్దది కాదని తేలాక మళ్లీ కదిలింది. తర్వాత 2005 జూలైలో యూరోపియన్ పార్లమెంటు ఆ ముసాయిదాను భారీ మెజారిటీతో తిరస్కరించింది. మునిసిపల్ టెండరు ఒకటి ఆగడం వల్ల ఖండమంతా చర్చలో ఉన్న చట్టం ఊళ్లలో ఎవరి మీద పడుతుందో జనానికి కళ్లకు కట్టింది.

2005లో గోనికస్, సాఫ్ట్‌కాన్ అనే జర్మన్ సంస్థలకు పని దక్కింది. లినక్స్ రకాల్లో డెబియన్‌ను పునాదిగా తీసుకున్నారు. 2006 శరదృతువులో మొదటి విడత కంప్యూటర్లు మారాయి. పథకాన్ని నడిపింది పీటర్ హోఫ్‌మన్, ఆయన పక్కన ఫ్లోరియన్ షీసెల్.

వాళ్లు లోపలికి వెళ్లి చూస్తే అక్కడ ఒక నగరపాలక సంస్థ లేదు, ఇరవైకి పైగా ఉన్నాయి. ఒక్కో శాఖకు ఒక్కో ఐటీ విభాగం. ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. ఒక చోట కంప్యూటర్‌కు పేరు పెట్టే తీరు ఇంకో చోట ఉండదు. ఒక శాఖ వాడే ప్రింటర్ డ్రైవరు పక్క శాఖకు తెలియదు. ఏ యంత్రం మీద ఏ ప్రోగ్రాం ఉందో మొత్తం తెలిసినవాడు ఊరంతా వెతికినా లేడు. విండోస్ ఉన్నంతకాలం ఈ గందరగోళం తెరవెనుక ఉండిపోయింది. మార్పు మొదలుపెట్టగానే అంతా బయటపడింది. బయటపడింది కాబట్టి నింద మాత్రం లినక్స్ మీద పడింది.

ఇంకో చిక్కు ఫారాలు. కార్పొరేషన్ అంటే ఫారాలు. పుట్టుక నమోదు, పెళ్లి నమోదు, ఇంటి ప్లాను అనుమతి, డ్రైవింగ్ లైసెన్సు, శ్మశానంలో స్థలం, చివరికి కుక్కను పెంచుకున్నందుకు కట్టే పన్ను. ప్రతిదానికీ ఒక నమూనా లేఖ ఉంటుంది. వర్డ్‌లో తయారైన ఆ నమూనాలు వేల సంఖ్యలో పేరుకుని ఉన్నాయి. వాటిలో మాక్రోలు, అంటే ఒక బటన్ నొక్కితే తేదీ, శాఖ పేరు, అధికారి సంతకం గడి వాటంతట అవే వచ్చే చిన్న చిన్న ప్రోగ్రాములు. ఎవరో ఓపిక గల ఉద్యోగి ఎప్పుడో రాసి పెట్టి రిటైరై వెళ్లిపోయిన వాటిని ఇప్పుడు విప్పి చూడాలి. ఆ పని ఎవరూ టీవీలో చూపించరు.

మ్యూనిక్ బృందం ఆ నమూనాలను ఒక్కొక్కటిగా అతికించి సరిపెట్టలేదు. ఓపెన్‌ఆఫీస్ మీద పనిచేసే వోల్‌ముక్స్ అనే పరికరాన్ని తామే తయారుచేసుకున్నారు. శాఖల శీర్షికలు, ఫారాలు, నమూనా లేఖలు అన్నీ ఒకే పద్ధతి కిందికి తెచ్చే ప్రోగ్రాం అది. 2008లో దాని కోడ్‌ను లోకానికి తెరిచి ఇచ్చేశారు. ఏ ఊరి కార్పొరేషనైనా తీసుకుని వాడుకోవచ్చు. పన్ను కట్టినవాడి డబ్బుతో రాసిన కోడ్ పన్ను కట్టినవాడికే చేరింది.

ఒకేసారి దూకలేదు వాళ్లు. ముందు విండోస్ మీదే ఓపెన్‌ఆఫీస్, ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ పెట్టి ఉద్యోగుల చేతికి అలవాటు చేశారు. ఫైళ్లను ఓడీఎఫ్ అనే బహిరంగ ఫార్మాట్‌లోకి మార్చారు. 2010 మొదలయ్యే నాటికి ఆ మార్పు పూర్తయింది. కానీ లినక్స్‌కు మారిన కంప్యూటర్లు మాత్రం ఇంకా 2,500 దగ్గరే ఉన్నాయి. నవ్వినవాళ్లు నవ్వారు. నా లెక్కలో మాత్రం అసలు పని అప్పటికే జరిగిపోయింది. ఫైలు ఏ ఫార్మాట్‌లో ఉందన్నదే ప్రశ్న. కంప్యూటర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఫార్మాట్ ఒకరి గుప్పిట్లో ఉంటే మన పాత ఫైలు మనకే తెరుచుకోదు.

ఈ బాధ తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మన కార్యాలయాల్లో, ప్రెస్సుల్లో, పత్రికల్లో ఏళ్ల తరబడి తెలుగు టైపు చేసింది యూనికోడ్‌లో కాదు, ఒక్కో సంస్థ అమ్మే ఫాంట్లలో. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే కనిపించేది అర్థంలేని గుర్తుల వరస. వెతికితే దొరకదు, కాపీ చేస్తే పనికిరాదు. ప్రభుత్వ ఉత్తర్వులు, సభల తీర్మానాలు ఎన్నో ఇలాగే చిక్కుపడి ఉన్నాయి. కంప్యూటర్ వచ్చినందుకు సంబరపడ్డాం, అక్షరం ఎవరి చేతిలో ఉందో అడగలేదు. మ్యూనిక్ అడిగింది.

హోఫ్‌మన్ బృందానికి ఆ ఏళ్లలో అర్థమైంది ఇది: ముందు కార్యాలయం మారాలి, ఆ తర్వాతే కంప్యూటర్. చెల్లాచెదురుగా ఉన్న ఐటీ విభాగాలను పునర్వ్యవస్థీకరించే పని మొదలైంది. నగరం మొత్తానికి సేవ చేసే ఐటీ ఎట్ ఎం అనే సొంత సంస్థ ఏర్పడింది. దాంతో వేగం పెరిగింది. 2011 చివరికి సుమారు 9,000 కంప్యూటర్లు లినక్స్ మీద ఉన్నాయి. 2013 చివరికి సుమారు 15,500లో 14,800కు పైగా. మొదట పెట్టుకున్న లక్ష్యం 12,000. ఆ ఏడాది డిసెంబరులో పథకం పూర్తయిందని ప్రకటించారు.

ఫిర్యాదుల లెక్క కూడా ఉంది. లినక్స్ కంప్యూటర్లు 1,500 ఉన్నప్పుడు నెలకు గరిష్ఠంగా 70 వచ్చిన ఫిర్యాదులు, అవి 9,500కు పెరిగాక 46కు తగ్గాయని నగరం 2012లో చెప్పింది. డబ్బు లెక్కలో లిముక్స్ ఖర్చు సుమారు 2.3 కోట్ల యూరోలు, అదే పనికి విండోస్, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ పెట్టి ఉంటే 3.4 కోట్లు అయ్యేదని చూపింది. దీని మీద మైక్రోసాఫ్ట్ చేయించిన హెచ్‌పీ అధ్యయనం ఒకటి వచ్చింది. లిముక్స్ వల్లే నగరానికి నాలుగు కోట్ల యూరోలకు పైగా అదనంగా ఖర్చయిందని అది లెక్కగట్టింది. నగరం ఆ లెక్క తప్పని బదులిచ్చింది.

విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో స్వస్తి చెప్పబోతుంటే మ్యూనిక్ చేసిన చిన్న పని ఒకటి చెప్పకుండా ఉండలేను. పాత కంప్యూటర్లున్న పౌరుల కోసం నగర గ్రంథాలయాల్లో సుమారు 2,000 లినక్స్ సీడీలు ఉచితంగా ఉంచింది. యంత్రం పారేయకండి, ఇది వేసుకుని మళ్లీ వాడుకోండి అని. తమకు జరిగింది తమ పౌరులకు జరగకూడదనుకున్న కార్పొరేషన్ అది.

* * *

2014లో ఉడె దిగిపోయాడు. ఇరవై ఏళ్లకు పైగా మేయరుగా ఉన్న మనిషి. ఆయన పార్టీకే చెందిన డీటర్ రైటర్ ఆ కుర్చీలోకి వచ్చాడు. ఉప మేయరు క్రిస్టియన్ సోషల్ యూనియన్‌కు చెందిన యోసెఫ్ ష్మిడ్. ఇద్దరికీ లిముక్స్ నచ్చలేదు. ఉద్యోగులు ఇబ్బంది పడుతున్నారని ష్మిడ్ ఆగస్టులో బహిరంగంగా అన్నాడు. తన మొబైల్‌కు కార్యాలయ ఈమెయిల్ అందడానికి వారాలు పట్టిందని రైటర్ చెప్పుకున్నాడు. ఆ ఈమెయిల్ చిక్కుకూ బల్ల మీది లినక్స్‌కూ సంబంధం లేదని ఐటీ ఎట్ ఎం అధిపతి కార్ల్ హైన్జ్ ష్నైడర్ వివరించాడు. కానీ మేయరు ఫోనుకు మెయిలు రాలేదన్న వార్త వెళ్లినంత దూరం ఆ వివరణ వెళ్లలేదు.

రైటర్ తాను మైక్రోసాఫ్ట్ అభిమానినని దాచుకోలేదు. మైక్రోసాఫ్ట్ జర్మనీ ప్రధాన కార్యాలయం పొరుగున ఉన్న ఉంటర్‌ష్లైస్‌హైమ్ నుంచి మ్యూనిక్‌లోని ష్వాబింగ్‌కు మారాలన్న నిర్ణయం 2013లో వెలువడింది. అప్పుడు నగర ఆర్థిక శాఖను చూసింది రైటరే. 2016లో ఆ కార్యాలయం తెరుచుకుంది. ఈ రెండింటికీ ముడిపెట్టి విమర్శకులు ప్రశ్నలు వేశారు. సంబంధం లేదని రైటర్ ఖండించాడు. సంబంధం ఉందని ఎవరూ రుజువు చేయలేదు కాబట్టి నేనూ ఆ మాట అనను. నాకు అసలు కారణం ఇంకో చోట కనిపిస్తుంది.

కౌన్సిల్ యాక్సెంచర్ సంస్థతో మళ్లీ అధ్యయనం చేయించింది. 2016లో వచ్చిన ఆ నివేదిక నాలుగు వందల పేజీలు దాటింది. ఉద్యోగుల అసంతృప్తి నిజమేనని అది చెప్పింది. ఫారాలు సరిగ్గా ముద్రణ కావడం లేదు, బయటి నుంచి వచ్చిన పత్రాలు చెదిరిపోతున్నాయి, పాత వెర్షన్లు మారడం లేదు. కానీ లినక్స్ కంప్యూటర్లే కాదు, నగరంలో మిగిలిన విండోస్ కంప్యూటర్లు కూడా పాతబడి మూలుగుతున్నాయని అదే నివేదిక చూపించింది. మూలం ఎక్కడ అంటే సంస్థ నిర్మాణంలో. ఎవరి పని ఎవరిదో తేలకుండా, ప్రతి నిర్ణయం మూడు నాలుగు చోట్ల తిరగడంలో. హోఫ్‌మన్ బృందం పదేళ్ల కిందట లోపలికి వెళ్లగానే చూసింది కూడా ఇదే. దాన్ని చక్కదిద్దే పని సగం జరిగింది, సగం ఆగింది.

ఒక పథకాన్ని తెచ్చిన నాయకుడు ఉన్నన్నాళ్లూ దాని మీద వచ్చిన ప్రతి ఫిర్యాదూ ఒక సమస్య. పరిష్కరిస్తారు. ఆయన దిగిపోయాక అవే ఫిర్యాదులు సాక్ష్యాలవుతాయి. ముద్రణ కాని ఫారం విండోస్‌లోనైతే ఐటీ వాడి తప్పు. లినక్స్‌లోనైతే లినక్స్ తప్పు. పదేళ్లు చాకిరీ చేసిన బృందానికి నగరం ఇవ్వాల్సిన అండ అప్పుడే ఇవ్వాలి, ఇవ్వలేదు.

2017 ఫిబ్రవరిలో కౌన్సిల్ విండోస్ వైపు తిరిగి వెళ్లే ప్రణాళిక తయారు చేయమంది. గ్రీన్ పార్టీ సభ్యులు గట్టిగా వ్యతిరేకించారు. తిరిగి వెళ్లాల్సినంత పెద్ద సాంకేతిక కారణాలేవీ లేవని ష్నైడర్ పత్రికలతోనే చెప్పాడు. నవంబరు 23న తుది నిర్ణయం జరిగింది. విండోస్ 10 రావాలి. అప్పటికి నగరంలో కంప్యూటర్ల సంఖ్య సుమారు 29,000. మార్పిడికి సుమారు 4.93 కోట్ల యూరోలు. ఖాళీ చేసిన ఇంటికే తిరిగి వెళ్లడానికి నగరం కట్టిన అడ్వాన్సు అది. సరిచేయాల్సిన ఐటీ నిర్మాణం మాత్రం విండోస్ వచ్చినా సరిచేయాల్సిందే.

మ్యూనిక్‌లో చదువుకు, ఉద్యోగానికి వెళ్లే మన తెలుగు పిల్లలు దిగగానే చేయాల్సిన మొదటి పని ఉండే చిరునామాను నగర కార్యాలయంలో నమోదు చేయించుకోవడం. ఆ ఏళ్లలో వెళ్లినవాళ్లు కిటికీ ముందు కూర్చుని పాస్‌పోర్టు ఇస్తే, అవతలి గుమాస్తా తమ పేరు ఎక్కించిన కంప్యూటర్ బహుశా లిముక్స్‌దే. కాగితం చేతికొచ్చింది, బయటికి వచ్చేశారు. తేడా ఏమీ తెలిసి ఉండదు. పౌరుడికి తెలియాల్సిన అవసరం లేనంత సాఫీగా పని జరిగిన వేల రోజులు ఈ కథలో ఉన్నాయి. ఓడిపోయిన పథకం అని దీన్ని రాసేవాళ్లు ఆ రోజులను లెక్కలో వేయరు.

* * *

2020 మార్చిలో మ్యూనిక్‌లో ఎన్నికలు జరిగాయి. కౌన్సిల్‌లో గ్రీన్ పార్టీ పెద్ద పక్షంగా వచ్చింది. రైటర్ మేయరుగా మళ్లీ గెలిచాడు. గ్రీన్ పార్టీ, సోషల్ డెమోక్రాట్లు కలిసి పాలించాలని ఒప్పందం రాసుకున్నారు. సాంకేతికంగా, ఆర్థికంగా వీలైన ప్రతి చోటా నగరం బహిరంగ ప్రమాణాలకు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇస్తుందని అందులో ఒక షరతు చేరింది. ప్రజల డబ్బుతో రాసిన కోడ్ ప్రజలదే కావాలన్న సూత్రం కూడా చేరింది. మూడేళ్ల కిందట లిముక్స్‌ను చాలించిన మేయరు హయాంలోనే అది నగర విధానం అయింది. 2024 నాటికి ఈ పనినే చూసుకునే ప్రత్యేక విభాగం ఐటీ ఎట్ ఎంలో ఏర్పాటైంది. ఈసారి వాళ్లు బల్లల మీది కంప్యూటర్ల జోలికి పోకుండా, నగరం తన కోసం రాయించుకునే ప్రోగ్రాముల దగ్గర మొదలుపెట్టారు.

జర్మనీ ఉత్తరాన, డెన్మార్క్ సరిహద్దున ఉన్న ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం 2024 ఏప్రిల్‌లో ఇంకా పెద్ద అడుగు వేసింది. తన 30,000 కంప్యూటర్లను లిబర్‌ఆఫీస్‌కు, ఆ తర్వాత లినక్స్‌కు మారుస్తానని ప్రకటించింది. 2025 అక్టోబరుకల్లా నలభై వేలకు పైగా ఈమెయిల్ ఖాతాలను మైక్రోసాఫ్ట్ ఎక్స్‌చేంజ్ నుంచి బయటికి తెచ్చింది. మ్యూనిక్‌కు మొదట్లో లేనిది ఆ రాష్ట్రానికి ముందే ఉంది: శాఖలన్నిటికీ కలిపి ఐటీ పని చూసే డేటాపోర్ట్ అనే ఉమ్మడి ప్రభుత్వ సంస్థ. వాళ్లు కూడా ముందు మార్చింది ఆపరేటింగ్ సిస్టమ్‌ను కాదు. ఆఫీసు ప్రోగ్రాంను, ఫైళ్ల ఫార్మాట్‌ను.